కర్మాగారాలలో డిజిటల్ మార్పు: ముందు పద్ధతి, తరువాత కంప్యూటరు

నేటి యుగాన్ని కంప్యూటరు యుగం అంటున్నాం. బ్యాంకులో, బస్ స్టేషన్‌లో, రేషన్ షాపులో, చివరకు హాస్టల్ హాజరులో కూడా అది వచ్చి కూర్చుంది. వస్తువులు తయారుచేసే కర్మాగారాలలో మాత్రం దాని రాక వేరే రకంగా ఉంటుంది. అక్కడ అది గుమాస్తా బల్ల దగ్గరే ఆగిపోదు. మోటారుకు, బాయిలరుకు, కన్వేయరుకు, గోదాములోని ప్రతి పెట్టెకూ దాని తీగ తగులుకుంటుంది. ఈ మొత్తం మార్పునే పరిశ్రమల వారు ‘డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అంటున్నారు.

మన హాస్టల్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్ళినవారి పేర్లు అందరికీ తెలుసు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ పూర్తిచేసి జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, శ్రీసిటీ, పెనుకొండ వంటి చోట్ల షిఫ్టు డ్యూటీలు చేస్తున్నవారు కూడా తక్కువేమీ లేరు. మేమూ అలాంటివాళ్ళమే. ఈ మార్పును ఎవరు బాగా నడిపారు, ఎవరు చేతులు కాల్చుకున్నారు, అందులో మనలాంటివారి స్థానం ఎక్కడ అన్నది తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

స్టోర్ రూము చెప్పే పాఠం

కర్మాగారం లోపల చూడనివారికి ఈ విషయం కొంచెం బరువుగా ఉంటుంది. అందుకే అందరికీ తెలిసిన హాస్టల్ స్టోర్ రూమునే ఉదాహరణగా తీసుకుందాం.

బియ్యం ఎన్ని బస్తాలు వచ్చాయి, ఈ రోజు వంటకు ఎన్ని కిలోలు ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నది స్టాక్ రిజిస్టరులో ఉంటుంది. ఎంతమంది పిల్లలు ఉన్నారన్నది హాజరు రిజిస్టరులో ఉంటుంది. ఏ రోజు ఏ కూర అన్నది గోడ మీది మెనూ చార్టులో ఉంటుంది.

ఇందులో మొదటి మెట్టు, రిజిస్టరులోని అంకెలను కంప్యూటరులోకి ఎక్కించడం. కాగితం పోయి తెర వచ్చింది కానీ పని మారలేదు. రెండో మెట్టు, ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి కలపడం. ఉదయం హాజరు పడగానే ఈ రోజు ఎన్ని కిలోల బియ్యం, ఎన్ని గుడ్లు కావాలో లెక్క దానంతట అదే వస్తుంది. మూడో మెట్టు, ఆ లెక్కను బట్టి మన నిర్ణయాలు మారడం. పండుగకు ఊళ్ళకు వెళ్ళే పిల్లలు ఎక్కువ కాబట్టి కూరగాయల ఇండెంటు ముందు రోజే తగ్గించడం, కందిపప్పు పది రోజుల్లో అయిపోతుందని తెలిసి ఇప్పుడే ఆర్డరు పెట్టడం వంటివి అన్నమాట. ఈ మూడో మెట్టు ఎక్కినప్పుడే దాన్ని డిజిటల్ మార్పు అనాలి. చాలా కంపెనీలు మొదటి మెట్టు మీదే నిలబడి మూడోది ఎక్కామని చెప్పుకుంటాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న. స్టోర్ రూములో కాటా సరిగా లేకపోతే ఏమవుతుంది? ఎంత బియ్యం పడుతుందో వంటమనిషిని అడగకుండా, ఎవరో ఆఫీసులో కూర్చుని తలకు ఇన్ని గ్రాములని కంప్యూటరులో పెట్టేస్తే ఏమవుతుంది? కంప్యూటరు ఆ తప్పును సరిదిద్దదు. అదే తప్పును మరింత వేగంగా, చక్కటి అక్షరాలతో అచ్చువేసి ఇస్తుంది. ఇక ముందు చెప్పబోయే పెద్ద కంపెనీల కథలన్నింటిలోనూ ఈ చిన్న మాటే కనిపిస్తుంది.

కర్మాగారంలో ఐదు అంతస్తులు

చరిత్రను రెండు మాటల్లో చెప్పుకుందాం. ఆవిరి యంత్రంతో మొదటి పారిశ్రామిక విప్లవం, విద్యుత్తుతో రెండోది, ఎలక్ట్రానిక్స్‌తో మూడోది వచ్చాయి. యంత్రాలన్నీ నెట్‌వర్కు ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడాన్ని నాలుగో విప్లవం అంటున్నారు. ‘ఇండస్ట్రీ 4.0’ అనే పేరు 2011లో జర్మనీలోని హానోవర్ పారిశ్రామిక ప్రదర్శనలో ప్రచారంలోకి వచ్చింది.

ఒక ఆధునిక కర్మాగారాన్ని ఐదు అంతస్తుల మేడగా ఊహించుకోవచ్చు. కింది అంతస్తులో సెన్సార్లు ఉంటాయి. వేడి, ఒత్తిడి, వేగం, అదురు వంటివాటిని కొలవడం వాటి పని. రెండో అంతస్తులో పి.ఎల్.సి. అనే చిన్న పారిశ్రామిక కంప్యూటరు ఉంటుంది. ట్యాంకు నిండితే పంపు ఆపు, వేడి పెరిగితే వాల్వు మూయి అని క్షణాల్లో ఆజ్ఞలిచ్చేది అదే. మూడో అంతస్తు స్కాడా. కంట్రోల్ రూములో కూర్చుని ప్లాంటు మొత్తాన్ని తెర మీద చూసే ఏర్పాటు ఇది. నాలుగోది ఎం.ఇ.ఎస్. ఏ షిఫ్టులో, ఏ యంత్రం మీద, ఏ బ్యాచి, ఎంత నడిచిందో ఇది చూస్తుంది. పై అంతస్తు ఇ.ఆర్.పి. కొనుగోళ్ళు, స్టాకు, అమ్మకాలు, జీతాలు అన్నీ ఇందులో ఉంటాయి. కింది అంతస్తులో ఒక సెన్సారు అబద్ధం చెబితే, ఆ అబద్ధం మెట్లెక్కి పై అంతస్తులోని మేనేజరు బల్ల మీదకు చేరుతుంది.

పి.ఎల్.సి. పుట్టుక కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. 1960 దశకంలో అమెరికా కారు ఫ్యాక్టరీలలో యంత్రాలను వందలాది రిలేలతో, తీగల చిక్కులతో నడిపేవారు. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఆ తీగలన్నీ మళ్ళీ కలపాల్సి వచ్చేది. దీనికి బదులుగా ఒక ఎలక్ట్రానిక్ పెట్టె కావాలని జనరల్ మోటార్స్ 1968లో అడిగింది. డిక్ మోర్లీ బృందం 1969లో ‘మోడికాన్ 084’ను తయారుచేసింది. దాన్ని నడిపే భాషను వారు రిలే సర్క్యూట్ బొమ్మలాగే, నిచ్చెన ఆకారంలో రూపొందించారు. దానికి ‘ల్యాడర్’ అని పేరు. కారణం ఏమంటే, ఆ పెట్టె ముందు నిలబడేది ప్రోగ్రామరు కాదు, ప్లాంటు ఎలక్ట్రీషియన్. అతనికి అర్థమయ్యే బొమ్మలోనే యంత్రం మాట్లాడింది. అందుకే అది త్వరగా నిలదొక్కుకుంది. ఇప్పటికీ ఐ.టి.ఐ. విద్యార్థులు ఆ నిచ్చెన బొమ్మలే నేర్చుకుంటున్నారు. పనిచేసేవాడి భాషలోకి యంత్రం వస్తే మార్పు సులువవుతుంది అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఒకే కప్పు కింద మూడు కాలాలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరిలో ఒక కార్ల కర్మాగారం ఉంది. ఆ ఒక్క భవనం చరిత్ర చదివితే ఈ విషయంలో సగం పాఠం వచ్చేస్తుంది.

మొదట అది జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ. కార్మికులకూ యాజమాన్యానికీ నిత్యం తగవులు. గైర్హాజరు ఇరవై శాతం దాకా ఉండేదని చెబుతారు. కార్ల నాణ్యత అంతంతమాత్రం. 1982లో దాన్ని మూసేశారు. అక్కడి కార్మికులు పనికిరానివారని పేరు పడిపోయింది.

తరువాత టయోటా, జనరల్ మోటార్స్ కలిసి ‘న్యూమీ’ పేరుతో అదే ఫ్యాక్టరీని తెరిచాయి. 1984 డిసెంబరులో కార్లు రావడం మొదలైంది. పనిలో పెట్టుకున్నవారిలో ఎక్కువ మంది ఆ పాత కార్మికులే. వందలాది మందిని జపాన్ పంపి టయోటా పద్ధతిలో శిక్షణ ఇప్పించారు. లైను పక్కన ఒక తాడు కట్టారు. దాన్ని ‘ఆండన్’ తాడు అంటారు. పనిలో లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా ఆ తాడు లాగవచ్చు. టీం లీడరు పరుగున వస్తాడు. అప్పటికీ సర్దుబాటు కాకపోతే లైను ఆగుతుంది. ఎందుకు ఆపావని ఎవరూ తిట్టరు. గైర్హాజరు రెండు మూడు శాతానికి దిగింది. రెండేళ్ళలోపే నాణ్యతలో అది జపాన్‌లోని టయోటా ప్లాంటు సరసన నిలబడింది. అక్కడ కొత్త రోబోలు పెద్దగా లేవు. మారింది పద్ధతి, మారింది మనిషికి ఇచ్చిన విలువ.

అదే దశాబ్దంలో జనరల్ మోటార్స్ తన సొంత ఫ్యాక్టరీలలో వేరే దారి పట్టింది. రోజర్ స్మిత్ 1981 నుంచి 1990 వరకు ఛైర్మన్‌గా ఉన్నాడు. జపాన్ వారిని రోబోలతో దాటిపోవాలని వేల కోట్ల డాలర్లు కుమ్మరించాడు. 1985లో తెరిచిన హామ్‌ట్రామిక్ ప్లాంటులో రంగు వేసే రోబోలు కార్లకు బదులు ఒకదానికొకటి రంగు పూసుకున్న ఉదంతం నేటికీ పాఠ్యపుస్తకాలలో చెబుతారు. పాత పద్ధతిలోని గందరగోళం అలాగే ఉండగా దాని మీద రోబోలను నిలబెట్టడమే అసలు లోపం.

మూడో కాలం టెస్లాది. న్యూమీ 2010లో మూతపడగా, ఆ భవనాన్ని టెస్లా కొన్నది. 2017 జులైలో ‘మోడల్ 3’ కారు మొదలుపెట్టి, ఆ ఏడాది చివరికి వారానికి 5,000 కార్లు తీయాలని లక్ష్యం పెట్టుకుంది. వీలైనంత వరకు రోబోలతోనే చేయాలని చూశారు. లక్ష్యం అందలేదు. 2018 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ స్వయంగా, అతిగా యాంత్రీకరించడం పొరపాటని, మనుషులను తక్కువ అంచనా వేశామని బహిరంగంగా ఒప్పుకున్నాడు. చిక్కుగా అల్లిన కన్వేయర్లను తీసేశారు. ఫ్యాక్టరీ ఆవరణలో పెద్ద డేరా వేసి, ఎక్కువగా మనుషులు పనిచేసే మరో లైను పెట్టారు. 2018 జూన్ చివరి వారంలో 5,000 అందుకున్నారు.

ఆ కారు తయారీలోనే ఇంకో ఉదంతం ఉంది. బ్యాటరీ పెట్టె మీద మెత్తటి ఫైబర్‌గ్లాస్ పరుపులు అతికించడానికి ఒక రోబోను పెట్టారు. మెత్తటి పరుపును పట్టుకోవడం దానికి చేతకాలేదు, లైను మాటిమాటికీ ఆగేది. ఎన్నాళ్ళో కుస్తీ పట్టాక, అసలు ఈ పరుపు ఎందుకు అని ఎవరో అడిగారు. శబ్దం తగ్గించడానికన్నారు. పరుపుతోనూ, పరుపు లేకుండానూ శబ్దం కొలిచి చూస్తే తేడా ఏమీ లేదు. పరుపు తీసేశారు, రోబో కూడా పోయింది. అవసరం లేని పనికి అంత యంత్రం కట్టారన్నమాట. పద్ధతిని ముందు సరిచూసుకోవాలి అనడంలో అర్థం ఇదే.

గోదాములో సరుకు, కంప్యూటరులో సున్నా

రోబోలు లేని చోట కూడా ఇదే జరుగుతుంది. హెర్షీ అమెరికాలో పేరున్న చాక్లెట్ కంపెనీ. 1990 దశకం చివర దాదాపు 11 కోట్ల 20 లక్షల డాలర్లతో కొత్త కంప్యూటరు వ్యవస్థ పెట్టుకుంది. నిపుణులు 48 నెలలు పడుతుందంటే, 2000 సంవత్సరం కంప్యూటర్ల సమస్య ముంచుకొస్తోందని 30 నెలలకు కుదించారు. ఆ గడువు కూడా దాటి 1999 జులైలో మూడు పెద్ద సాఫ్ట్‌వేర్లను ఒకేసారి మొదలుపెట్టారు. అమెరికాలో పిల్లలకు మిఠాయిలు పంచే హాలోవీన్ పండుగ అక్టోబరు చివర వస్తుంది. దానికి ఆర్డర్లు వచ్చిపడే సమయం సరిగ్గా అదే. దసరా ముందు బట్టల కొట్టు వాడు షాపు మార్చినట్లయింది.

10 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లు అందించలేకపోయారు. చిత్రమేమంటే సరుకు చాలావరకు తయారుగానే ఉంది. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. తరువాత వచ్చిన విశ్లేషణలు ఒక ముఖ్య కారణం చెప్పాయి. సీజనులో సరుకు పెరిగినప్పుడు ఫ్యాక్టరీలోని ఖాళీ గదుల్లో పెట్టుకోవడం అక్కడి సిబ్బందికి అలవాటు. ఆ గదులు ఏ రికార్డులోనూ లేవు. కొత్త కంప్యూటరుకు వాటి సంగతి ఎవరూ చెప్పలేదు. దాని దృష్టిలో ఆ సరుకు లేనట్టే. బస్తాలు మోసేవాడికి తెలిసిన విషయం ప్రాజెక్టు కమిటీకి తెలియలేదు.

హెర్షీ దీన్నుంచి నేర్చుకుంది. 2002లో అదే వ్యవస్థ కొత్త రూపానికి మారినప్పుడు ముందే పరీక్షలు చేసుకుని, అనుకున్న ఖర్చులోపు, అనుకున్న సమయంలోపు ముగించింది. నిదానమే ప్రధానం అన్న మాట కంప్యూటర్లకూ వర్తిస్తుంది.

మన దగ్గర: మందుల కంపెనీల రికార్డులు

దూరదేశాల కథలు అలా ఉంచి, మన గడ్డకు వద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న మందుల కంపెనీలలో మన పూర్వ విద్యార్థులు చాలామంది ఉన్నారు. మందుల తయారీలో రికార్డు అంటే మాత్ర అంత ముఖ్యం. రికార్డు లేని బ్యాచిని తయారు కానట్టే లెక్కిస్తారు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 1997లోనే కంప్యూటరు రికార్డులకు, ఎలక్ట్రానిక్ సంతకాలకు నిబంధనలు పెట్టింది. రికార్డుకు ఐదు లక్షణాలు ఉండాలంటారు. ఎవరు రాశారో తెలియాలి. చదవగలిగేలా ఉండాలి. పని జరిగినప్పుడే రాయాలి. అది మూలప్రతి అయి ఉండాలి. నిజమై ఉండాలి. 2010 దశకంలో మన దేశంలోని పలు మందుల కంపెనీలకు ఎఫ్.డి.ఎ. హెచ్చరిక లేఖలు పంపింది. వాటిలో తరచు కనిపించిన లోపాలు పెద్ద రసాయన శాస్త్రం కాదు. ఒకే పాస్‌వర్డును పదిమంది వాడటం, నచ్చని పరీక్ష ఫలితాన్ని చెరిపేయడం, షిఫ్టు చివర కూర్చుని ఒకేసారి రాసేయడం వంటివి. ఇవి రిజిస్టరు కాలం నాటి అలవాట్లు. కంప్యూటరు వచ్చాక దాగలేదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దానిలో గుర్తు మిగిలిపోతుంది కాబట్టి బయటపడ్డాయి.

అదే రంగంలో మంచి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్ బాచుపల్లిలోని డాక్టర్ రెడ్డీస్ కర్మాగారాన్ని ప్రపంచ ఆర్థిక వేదిక 2022 అక్టోబరులో తన ‘గ్లోబల్ లైట్‌హౌస్ నెట్‌వర్క్’లో చేర్చింది. డిజిటల్ పద్ధతులలో దారి చూపే కర్మాగారాల జాబితా అది. మన వాళ్ళు ప్రపంచ స్థాయిలో చేయగలరనడానికి అది నిదర్శనం.

‘ఇతరములు’ అనే మీట

ఒక యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో కొలవడానికి ‘ఓ.ఇ.ఇ.’ అనే లెక్క ఉంది. జపాన్‌కు చెందిన సెయిచి నకజిమా దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఉదాహరణకు 8 గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు. 60 నిమిషాలు యంత్రం ఆగిందనుకుందాం. నడిచింది 420 నిమిషాలు, అంటే 87.5 శాతం. నిమిషానికి ఒకటి చొప్పున 420 రావాల్సిన చోట 336 వచ్చాయి, అంటే 80 శాతం. అందులో మంచివి 95 శాతం. మూడింటినీ గుణిస్తే 66.5 శాతం. రోజంతా యంత్రం నడిచినట్టే కనిపించినా, మూడో వంతు సామర్థ్యం చేజారిందని ఈ లెక్క చెబుతుంది.

అయితే ఆ 60 నిమిషాలు ఎందుకు ఆగిందో తెలియాలి. మాలో కొందరు పనిచేసిన ఒక కర్మాగారంలో ఇందుకోసం ప్రతి యంత్రానికీ ఒక తెర పెట్టారు. యంత్రం ఆగితే ఆపరేటరు కారణం నొక్కాలి. ముప్పై కారణాల జాబితా, అంతా ఇంగ్లీషులో. చివర ‘ఇతరములు’ అని ఒక మీట. నెల తిరిగేసరికి ఎక్కువ భాగం ‘ఇతరములు’ కిందే పడింది. ఆపరేటర్లు బద్ధకస్తులని ఆఫీసులో అనుకున్నారు. అసలు సంగతి వేరు. ‘సెట్టింగు ఆలస్యం’ అని నిజం నొక్కినవారికి మర్నాడు మెమో వచ్చింది. ఇక ఎవరు నొక్కుతారు?

కొన్నాళ్ళకు ఒక కొత్త ఇంజనీరు ఆపరేటర్లనే కూర్చోబెట్టి, వారి మాటల్లోనే ఎనిమిది కారణాలు తెలుగులో రాయించాడు. నిజం నొక్కినందుకు మెమో ఉండదని మేనేజరు చేత అందరి ముందూ చెప్పించాడు. అప్పుడు అసలు కారణం తెర మీదకు వచ్చింది. అచ్చు మార్చేటప్పుడు సరైన స్పానర్ల కోసం స్టోర్సుకు తిరగడానికే ఎక్కువ సమయం పోతోంది. యంత్రం పక్కనే ఒక స్పానర్ల బోర్డు పెట్టారు. ఖరీదైన సాఫ్ట్‌వేరు చివరకు చెప్పింది ఒక చెక్క బోర్డు గురించి. దాన్ని చెప్పించింది భయం లేకపోవడం. ఫ్రీమాంట్‌లో కట్టిన తాడు చేసిన పని కూడా అదే.

తెర ఆరిపోతే?

అన్నీ నెట్‌వర్కుకు కట్టినప్పుడు నెట్‌వర్కు పడిపోతే ఏం చేయాలో కూడా ముందే ఆలోచించాలి. 2019 మార్చి 19న నార్వేకు చెందిన అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రో మీద సైబర్ దాడి జరిగింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగారు. కంపెనీ డబ్బు ఇవ్వనని చెప్పింది, జరిగింది దాచకుండా ప్రపంచానికి చెప్పింది. కంప్యూటర్లు తెరవవద్దని తలుపుల మీద కాగితాలు అతికించి, చేతి పద్ధతికి మారింది. అప్పుడు ఆదుకున్నది పాత కాగితపు పద్ధతి తెలిసినవాళ్ళు. రిటైరైన కొందరు తిరిగి వచ్చి సాయం చేశారు.

ప్రతిసారీ శత్రువే రానక్కర లేదు. 2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటా 14 ప్లాంట్లు ఆగిపోయాయి. నిర్వహణ పని సమయంలో సర్వరులో ఖాళీ స్థలం చాలకపోవడం కారణమని తేలింది. బ్యాకప్పు కూడా అదే వ్యవస్థ మీద ఉండటంతో అదీ ఆదుకోలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. బ్యాకప్పు వేరే చోట ఉండాలి. తెర లేకుండా షిఫ్టు నడపడం కనీసం కొందరికైనా తెలిసి ఉండాలి.

మార్పును నడిపే క్రమం

పై ఉదాహరణలన్నీ కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది.

1. ఏ ఇబ్బంది తీర్చుకోవాలో ముందు తేల్చుకోవాలి. అది తెలియకుండా సాఫ్ట్‌వేరు కొంటే, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది.

2. ఇప్పుడు పని ఎలా జరుగుతోందో అక్కడే నిలబడి చూడాలి. రికార్డులో లేని గదులు, చెప్పని అలవాట్లు అప్పుడే తెలుస్తాయి.

3. అనవసరమైన పనిని తీసేయాలి. మిగిలినదాన్నే కంప్యూటరుకు ఇవ్వాలి.

4. ఒక్క లైను మీద ప్రయత్నించి, లోపాలు సరిదిద్దుకుని, తరువాత మిగతా ప్లాంటుకు తీసుకెళ్ళాలి. సీజను మధ్యలో మొదలుపెట్టకూడదు.

5. పనిచేసేవారికి వారి భాషలో, డ్యూటీ సమయంలోనే శిక్షణ ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులను వదిలేయకూడదు. మీట నొక్కేది చాలాచోట్ల వారే.

6. నిజం చెప్పినవారిని శిక్షించకూడదు.

7. ఆగిపోతే ఏం చేయాలో రాసిపెట్టుకుని, అప్పుడప్పుడు ఆ అభ్యాసం కూడా చేయాలి.

మరి మన ఉద్యోగాలు?

ఈ ప్రశ్న మనకు అన్నిటికంటే ముఖ్యం. దాచకుండా చెప్పుకుందాం. కొన్ని పనులు పోతాయి. గంటకోసారి మీటరు చూసి లాగ్‌బుక్కులో రాసే పని సెన్సారు చేస్తుంది. స్టోర్సులో లెక్కరాసే పని తగ్గుతుంది. ఆ పనులు చేసేవారిలో మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చినవారే ఎక్కువ. శిక్షణ పర్మనెంటు వారికే ఇచ్చి, కాంట్రాక్టు వారిని పంపేసే చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి మార్పు అందరికీ మేలే చేస్తుందని ఊరికే అనేయడం న్యాయం కాదు. శిక్షణ అడగడం మన హక్కు. పదిమంది కలిసి, యూనియన్ ఉంటే యూనియన్ ద్వారా, వ్రాతపూర్వకంగా అడగాలి.

అదే సమయంలో కొత్త పనులు పుడుతున్నాయి. బేరింగు అదురును సెన్సారు చూపిస్తుంది. అది గ్రీజు లేక అదురుతోందా, షాఫ్టు వంగిందా అన్నది చెప్పేది ఫిట్టరే. తెర, యంత్రం రెండూ తెలిసినవాడి అవసరం పెరుగుతోంది. తెర ఒక్కటే తెలిసినవాడిని మార్చడం సులువు. యంత్రం ఒక్కటే తెలిసినవాడిని పక్కన పెట్టడం కూడా సులువే. రెండూ తెలిసినవాడిని వదులుకోవడానికి ఏ కంపెనీ అయినా ఆలోచిస్తుంది.

అందుకే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా సూచనలు కొన్ని. ట్రేడు పని గట్టిగా నేర్చుకోండి. దాని పక్కనే పి.ఎల్.సి. నిచ్చెన బొమ్మలు, ఎక్సెల్, సెన్సార్ల ప్రాథమిక పాఠాలు నేర్చుకోండి. శాతాలు, సగటు, గ్రాఫు చదవడం పదో తరగతి గణితమే. అది రేపు మీ యంత్రం తెర మీద కనిపిస్తుంది. అలారంలు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి రోజుకు ఐదు మాటల చొప్పున చిన్న పుస్తకంలో రాసుకోండి. హైదరాబాద్ బాలానగర్‌లోని సి.ఐ.టి.డి. వంటి ప్రభుత్వ సంస్థలలో కోర్సులు ఉన్నాయి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సాయంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో శంకుస్థాపన జరిగింది. అప్రెంటిస్ అవకాశం వస్తే స్టైపెండు తక్కువని వదులుకోకండి. నిజమైన యంత్రం పక్కన గడిపే ఏడాదికి సమానమైన చదువు లేదు.

చివరిగా ఒక మాట. రేపు మీలో కొందరు సూపర్‌వైజర్లు, ఇంజనీర్లు, మేనేజర్లు అవుతారు. కొత్త కంప్యూటరు పెట్టించే కమిటీలో మీరూ కూర్చుంటారు. ఆ రోజు ప్రాజెక్టు కాగితాల మీద సంతకం పెట్టే ముందు, యంత్రం దగ్గర నిలబడ్డవాడిని పిలిచి, నీకు ఎక్కడ ఇబ్బందిగా ఉంది అని అడగండి. అతను చెప్పింది రాసుకోండి. మన హాస్టల్ బిడ్డలు మార్పును ఆ రకంగా నడిపిస్తే కంపెనీ సొమ్ము దండగ కాదు, కార్మికుడి అన్నమూ పోదు.